టిక్కు పడింది, ఆర్డరు అందలేదు: వైర్‌లెస్ ఆర్డరు వ్యవస్థల సంస్థలకు ఒక కెప్టెన్ బహిరంగ లేఖ

రెస్టారెంట్ల కోసం వైర్‌లెస్ ఆర్డరు వ్యవస్థలను తయారు చేసే, అమ్మే, బిగించే సంస్థల బాధ్యులకు,

నమస్కారాలు. నేను పద్దెనిమిదేళ్లుగా రెస్టారెంట్లలో పనిచేస్తున్నాను. మొదట వెయిటర్‌గా చేరాను, ఇప్పుడు వెయిటర్ల పని చూసే కెప్టెన్‌ని. ఇందులో సగం కాలం కార్బన్ కాగితం పెట్టిన పుస్తకంలో ఆర్డర్లు రాసుకున్నాను, మిగతా సగం మీరు తయారు చేసిన చేతి యంత్రాల మీద నొక్కుతూ వచ్చాను. వాటివల్ల మా పని తేలికైన మాట నిజం. ప్రతి ఆర్డరుకూ వంటగది దాకా నడిచే శ్రమ తప్పింది, చేతిరాత అర్థంకాక వంటవాళ్లతో వచ్చే పేచీలు తగ్గాయి, ఏదైనా అయిపోతే ఆ సంగతి టేబుల్ దగ్గరే తెలుస్తోంది. కాబట్టి పాత పుస్తకాల రోజులు తిరిగి రావాలని కోరుకునే మనిషి రాసిన లేఖగా దీన్ని చదవవద్దని మనవి.

గత ఏడాదిలో ఒకే సమస్య మీద మేము నాలుగుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాం. సాఫ్ట్‌వేర్ వాళ్లు అది ప్రింటర్ లోపమన్నారు. ప్రింటర్ అమ్మినవాళ్లు వైఫై సరిగా లేదన్నారు. వైఫై బిగించినవాళ్లు వచ్చి, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయని ల్యాప్‌టాప్‌లో చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్లారు. నాలుగో ఫిర్యాదుకు వచ్చిన జవాబు ఒకే వాక్యం: రౌటర్‌ను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఏ సంస్థ పేరూ ఇక్కడ రాయడం లేదు. వేరే సంస్థల యంత్రాలు వాడుతున్న తోటి కెప్టెన్లు చెప్పేది కూడా ఇదే కథ గనుక, అందరికీ కలిపి రాస్తున్నాను.

మా సమస్య ఇది: ఆర్డరు వంటగదికి చేరకపోయినా, చేరిపోయిందని మీ తెర మాకు చెబుతోంది.

ఒక శనివారం రాత్రి జరిగింది చెబుతాను. హాలు నిండిపోయింది, గుమ్మం దగ్గర ఇంకా జనం నిలబడి ఉన్నారు. మేము ముగ్గురం పావుగంటలో పదకొండు టేబుళ్ల ఆర్డర్లు తీసుకున్నాం. నొక్కిన ప్రతిసారీ ఆకుపచ్చ టిక్కు పడింది. కాసేపటికి వంటగది తలుపు తోసుకుని మా పెద్ద వంటమనిషి బయటికి వచ్చాడు. గరిటె చేతిలోనే ఉంది. నిండిన హాలును ఓసారి కలయజూసి, “వీళ్లంతా ఏం తింటారట?” అని అడిగాడు. లోపల పొయ్యిలు ఊరికే వెలుగుతున్నాయి, చీటీ ఒక్కటీ రాలేదు. ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్ ప్రింటర్‌కు కొత్త నెట్‌వర్కు అడ్రసు ఇచ్చిందని, ఆర్డర్లను పంపే సర్వర్ కంప్యూటర్ పాత అడ్రసుకే పంపుతూ కూర్చుందని మాకు తర్వాత తెలిసింది. ఎవరో రౌటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేశారు. అయిదు నిమిషాలకు ప్రింటర్ ఒక్కసారిగా మొదలుపెట్టి పదకొండు టేబుళ్ల చీటీలనూ ఆగకుండా కక్కింది. ఆ కాగితం బల్ల మీదినుంచి జారి, తడి నేలను తాకి, కింది భాగం నానిపోయింది. ఏ టేబుల్ ముందో ఏది వెనకో తేల్చుకోవడానికే ఇంకో అయిదు నిమిషాలు పట్టింది.

ఆ టిక్కు ఏం చెబుతోందో తెలుసుకుందామని నేను అడగని మనిషి లేడు. తెలిసింది ఇది. మా చేతిలోని యంత్రం నుంచి ఆర్డరు గాలిలో యాక్సెస్ పాయింట్‌కు, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెకు వెళుతుంది, అక్కడినుంచి సర్వర్‌కు, సర్వర్ నుంచి వంటగది ప్రింటర్‌కో తెరకో వెళుతుంది. సర్వర్ క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ మీద దూరంగా ఎక్కడో ఉంటే, వంటగది ముప్పై అడుగుల దూరంలో ఉన్నా సరే, ఆర్డరు ఇంటర్నెట్ మీద ఎక్కడికో వెళ్లి తిరిగి రావాలి. ఇన్ని మజిలీలు ఉంటే, టిక్కు మాత్రం మొదటి ఒకటి రెండు మజిలీలు దాటగానే పడిపోతోంది. కొన్ని వ్యవస్థల్లో యంత్రం తన జ్ఞాపకంలో దాచుకోగానే పడుతోంది. ప్రింటర్ల సంగతి ఇంకా విచిత్రం. చాలా నెట్‌వర్క్ ప్రింటర్లు 9100 నంబరు పోర్ట్ (నెట్‌వర్కులో ఒక ద్వారం లాంటిది) మీద అక్షరాలను నేరుగా తీసుకుంటాయి. ప్రింటర్ ఆ అక్షరాలను పుచ్చుకుంది అన్నంతవరకే సర్వర్‌కు తెలుస్తుంది. కాగితం మీద అచ్చు పడిందా, రోల్ అయిపోయిందా, మూత తెరిచి ఉందా అన్నవి సర్వర్ విడిగా అడిగితేనే తెలుస్తాయి. అడిగితే జవాబు చెప్పే ఏర్పాటు ఈ ప్రింటర్లలో ఎప్పటినుంచో ఉంది. మీ సాఫ్ట్‌వేర్ అడగడం లేదు.

కార్బన్ పుస్తకం రోజుల్లో చీటీని వంటగదిలో మేకుకు నా చేతులతోనే గుచ్చేవాణ్ని. అది అక్కడ ఉందో లేదో నా కళ్లకు కనబడేది. ఆ పాటి నమ్మకాన్ని యంత్రం కూడా ఇవ్వాలన్నదే మా కోరిక.

దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోందో మీ దృష్టికి తెస్తున్నాను.

1. మొదటి నష్టం ఆకలితో కూర్చున్నవారిది. చిన్నపిల్లలతో వచ్చినవారు, మధుమేహం ఉండి వేళకు తినవలసినవారు, అరగంట భోజన విరామంలో వచ్చిన ఉద్యోగులు మా యంత్రాన్ని నమ్మి ఎదురుచూస్తారు. “అయిపోతోందండీ, రెండు నిమిషాలు” అని నేను వాళ్లకు చెప్పే మాట నా తెర నాకు చెప్పిన మాటే. అది అబద్ధమైతే వాళ్ల కంటికి అబద్ధాలకోరును నేనే.

2. రెండోది ప్రాణాల మీదికి వచ్చేది. వేరుశనగ పడదని, పాల పదార్థాలు పడవని అతిథి చెబితే దాన్ని మేము ఆర్డరు పక్కన గమనికగా రాస్తాం. మేము వాడిన ఒక వ్యవస్థలో ఆ గమనిక తెర మీద పూర్తిగా కనబడేది, చీటీ మీద మాత్రం కాగితం వెడల్పుకు సరిపోక చివర తెగిపోయేది. “వేరుశనగ వేయ” దాకా అచ్చయి, “వద్దు” పడకపోతే వంటమనిషి ఏమనుకోవాలి? ఇంకో ఇబ్బంది లిపిది. చాలా ప్రింటర్ల సొంత అక్షరాల పట్టికలో ఇంగ్లీషు రాసే లాటిన్ అక్షరాలు, ఇంకొన్ని లిపులు తప్ప మిగతావి ఉండవు. ఇతర లిపుల్లో రాసిన గమనికను బొమ్మగా మార్చి పంపకపోతే, చీటీ మీద వరసగా ప్రశ్నార్థకాలు పడతాయి. వంటగదిలో చాలామందికి వచ్చింది సొంత భాష ఒక్కటే. బొమ్మగా పంపడం కష్టమైన పనేమీ కాదు, లోగోను మీరు ప్రతి బిల్లు మీదా అలాగే అచ్చేస్తున్నారు.

3. టిక్కు పడక తెర తిరుగుతూ ఉంటే వెయిటర్ ఏం చేస్తాడు? మళ్లీ నొక్కుతాడు. ఒకే ఆర్డరు రెండుసార్లు వెళుతుంది, రెండుసార్లు వండుతారు, ఒకటి చెత్తబుట్టలో పడుతుంది. చాలాచోట్ల ఆ వృథా ఖర్చు ఆ కుర్రాడి జీతంలోంచి కోస్తారు. ప్రతి ఆర్డరుకూ చేతి యంత్రంలోనే ఒక ప్రత్యేక సంఖ్య వేసి, అదే సంఖ్యతో రెండోసారి వచ్చినదాన్ని సర్వర్ పక్కన పెట్టేలా చేయడం మీ రంగంలో కొత్తగా కనిపెట్టవలసిన విద్య కాదు. డబ్బు చెల్లింపుల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఈ జాగ్రత్త ఎప్పటినుంచో తీసుకుంటున్నారు.

4. నెట్ పోయి వచ్చినప్పుడు ఆగిపోయిన ఆర్డర్లన్నీ ఒకేసారి వెళతాయి, అదీ వరస తప్పి. రద్దు చేసిన సంగతి ముందు వెళ్లి, అసలు ఆర్డరు ఆ తర్వాత వెళ్లిన సందర్భాలు మా దగ్గర ఉన్నాయి. వంటమనిషి దృష్టిలో లేని ఆర్డరు రద్దయింది, రద్దయిన ఆర్డరు కొత్తగా వచ్చింది. వడ్డించాక అతిథి వద్దంటాడు, వంటమనిషి చీటీ చూపిస్తాడు, మధ్యలో నిలబడేది వెయిటర్.

5. ఇది బయటివాళ్లకు అంతగా తెలియని సంగతి. నెలాఖరున మీ వ్యవస్థ యజమానికి ఒక నివేదిక ఇస్తుంది: ఏ వెయిటర్ ఎంత సేపట్లో ఆర్డరు తీసుకున్నాడు, ఎంత సేపట్లో వడ్డించాడు అని. ఆర్డరు తీసుకున్న సమయం కింద మీరు వేసేది అది సర్వర్‌కు చేరిన సమయం. గాలిలో ఆరు నిమిషాలు ఇరుక్కుపోయిన ఆర్డరు నివేదికలో వెయిటర్ ఆరు నిమిషాల ఆలస్యంగా కనబడుతుంది. మా దగ్గర చురుకైన ఒక అమ్మాయిని ఈ లెక్క చూపించి వరండా టేబుళ్ల నుంచి తప్పించారు. వరండాలో సిగ్నల్ అందని మూల ఒకటి ఉందని, ఆ మూలనే ఆమె టేబుళ్లున్నాయని తేలడానికి రెండు నెలలు పట్టింది. టిప్పులు ఎక్కువ వచ్చే టేబుళ్లవి. ఆ రెండు నెలల టిప్పులు ఆమెకు ఎవరిస్తారు?

6. వెయిటరే వద్దని అతిథి ఫోన్‌తోనే క్యూఆర్ కోడ్ మీద ఆర్డరు తీసుకునే చోట బ్యాటరీ అయిపోయినవారు, డేటా లేనివారు, చిన్న అక్షరాలు కనబడని పెద్దవారు పక్క టేబుల్ వాళ్లను బతిమాలుకోవలసి వస్తోంది. టేబుల్ మీది కోడ్ మీద మోసగాళ్లు ఇంకో స్టిక్కర్ అంటించి పోతే ఆ డబ్బు ఎవరికో వెళుతుంది. క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌కు చెందిన డెన్సో వేవ్ సంస్థ కార్ల విడిభాగాల లెక్క కోసం తయారు చేసింది. మనిషి తినే వేళ దాని మీదే పూర్తిగా ఆధారపడాలన్న నియమం తర్వాత మనం పెట్టుకున్నదే.

ఇక వైఫై విషయం. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి గనుక లోపం లేదన్న వాదన పొరపాటని ఎందుకంటున్నానో చెప్పాలి. మీ సాంకేతిక నిపుణులు పరీక్షకు వచ్చేది మధ్యాహ్నం మూడు గంటలకు, హాల్లో కుర్చీలు తప్ప ఎవరూ లేని వేళ. మాకు కష్టం వచ్చేది రాత్రి ఎనిమిదిన్నరకు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. ఖాళీ హాల్లో దూరం వెళ్లిన సిగ్నల్, నూటయాభై మంది కూర్చున్నాక అంత దూరం వెళ్లదు. ఆ వచ్చినవాళ్ల జేబుల్లోని ఫోన్లు మన వైఫైకి కలవకపోయినా, చుట్టుపక్కల ఏ నెట్‌వర్కులున్నాయని మధ్యమధ్య గాలిలో అడుగుతూనే ఉంటాయి. వైఫైలో ఒక చానల్ (తరంగాలు నడిచే దారి) మీద ఒకసారికి ఒకరే మాట్లాడగలరు, మిగతావాళ్లు విని ఆగాలి. వైఫై వాడే తరంగాల పట్టీల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు వాడుకలో మూడే, 1, 6, 11. పక్క దుకాణాల రౌటర్లూ ఆ మూడింటిలోనే ఉంటాయి, బ్లూటూత్ కూడా అదే పట్టీలో తిరుగుతుంది. మైక్రోవేవ్ అవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, అది ఉండేది మా వంటగదిలో, సరిగ్గా రద్దీ వేళ ఆగకుండా నడుస్తుంది. స్టీలు బల్లలు, స్టీలు అరలు, లోహపు గోడల శీతల గది ఈ తరంగాలను తిప్పికొడతాయి, అడ్డుకుంటాయి. ఇంత ఇనుము మధ్య ప్రింటర్‌కు కూడా వైఫై పెట్టడం ఎవరి ఆలోచనో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ ప్రింటర్ ఎక్కడికీ నడిచి వెళ్లదు కదా. ఒక్క ఈథర్‌నెట్ తీగ వంద మీటర్ల దాకా పనిచేస్తుంది.

5 గిగాహెర్ట్జ్‌కు మారమంటారు. మారాం, చాలావరకు నయమే. అయితే ఆ పట్టీలో కొన్ని చానళ్లను రాడార్లతో పంచుకోవాలి. రాడార్ అలికిడి వినబడితే యాక్సెస్ పాయింట్ ఆ చానల్ వదిలేయాలన్నది నియమం. అలాంటి ఇంకో చానల్‌కు మారితే కనీసం అరవై సెకన్లు ఊరికే విని, ఆ తర్వాతే మాట్లాడాలి. ఒక నిమిషమే అంటారేమో. రద్దీలో ఒక నిమిషానికి మేము మూడు టేబుళ్లు చూస్తాం. ఈ చానళ్లను వదిలేసి మిగతావి ఎంచుకోమని బిగించే మనిషికి ఎవరూ చెప్పకపోతే, ఆటోమేటిక్ అన్న మీట నొక్కి వెళ్లిపోతాడు. మాకు అదే జరిగింది.

పై విషయాలు దృష్టిలో పెట్టుకుని, సంస్థల ముందు ఈ కోరికలు ఉంచుతున్నాం.

1. ఆకుపచ్చ టిక్కును వంటగది నుంచి రసీదు వచ్చాకే చూపించాలి. ప్రింటర్ ఉంటే అచ్చు పూర్తయిందన్న సమాచారం, తెర ఉంటే వంటమనిషి వేలితో ముట్టిన గుర్తు ఆ రసీదు కావాలి. అప్పటిదాకా పసుపు రంగు చూపించండి. ముప్పై సెకన్లలో రసీదు రాకపోతే యంత్రం మోగాలి, వణకాలి. ఏం చేసైనా సరే, మౌనంగా మాత్రం ఉండకూడదు. మిగతావి ఆలస్యమైనా ఓర్చుకుంటాం, దీన్ని వెంటనే చేయాలి.

2. ఇంటర్నెట్ పోయినా హాలుకూ వంటగదికీ మధ్య ఆర్డర్లు నడిచేలా, సర్వర్ పనిని అక్కడికక్కడే చేసే చిన్న యంత్రాన్ని ప్రతి రెస్టారెంటులో పెట్టాలి. క్లౌడ్ లెక్కలకు ఉండనివ్వండి.

3. ప్రింటర్లకు, వంటగది తెరలకు తీగ వేయాలి, మారని అడ్రసు ఇవ్వాలి. అవీ రౌటరూ యూపీఎస్ మీద ఉండాలి. వైఫై కదిలే యంత్రాలకు చాలు.

4. అతిథుల వైఫై, మా ఆర్డర్ల వైఫై ఒకే పాస్‌వర్డుతో ఒకే నెట్‌వర్కులో నడిపించడం ఆపండి. చెల్లింపుల యంత్రం కూడా అందులోనే ఉన్న చోట్లు చూశాను, చెప్పడానికే భయంగా ఉంది. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అనే వైఫై రక్షణ పద్ధతి పాత యంత్రాల వల్ల కుదరకపోతే కనీసం 2004 నాటి డబ్ల్యూపీఏ2 అయినా సరిగ్గా పెట్టి, ఉద్యోగి మానేసిన ప్రతిసారీ పాస్‌వర్డు మార్చే పద్ధతి యజమానికి నేర్పించండి.

5. పడని పదార్థాల గమనిక చీటీలో తెగకుండా, పెద్ద అక్షరాల్లో, వంటగదివాళ్లకు వచ్చిన భాషలో, అన్నిటికన్నా పైన అచ్చు కావాలి.

6. ఆర్డరు తీసుకున్న సమయం, సర్వర్‌కు చేరిన సమయం, వంటగదికి అందిన సమయం, ఈ మూడూ విడివిడిగా నివేదికలో ఉండాలి. వెయిటర్ తన లెక్క తాను చూసుకోగలగాలి.

7. బిగించిన తర్వాత పరీక్షను రద్దీ వేళలో, హాలు నిండి ఉండగా, మైక్రోవేవ్ నడుస్తుండగా, శీతల గది తలుపు పక్కన నిలబడి చేయాలి. పరీక్షలో కావాలనే రౌటర్ తీగ లాగి, ప్రింటర్ రోల్ తీసి, యంత్రం ఏమంటుందో మా ముందు చూపించాలి. అప్పుడు సంతకం పెడతాం.

8. ఫిర్యాదుకు ఒకే సంస్థ జవాబుదారీ కావాలి. అమ్మినవారే ప్రింటర్‌తో, వైఫైతో, సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడుకోవాలి. మమ్మల్ని ఆ మూడు గుమ్మాల చుట్టూ తిప్పవద్దు.

ఇందులో కొన్నిటికి ఖర్చవుతుందని మాకు తెలుసు. అందుకే రెస్టారెంట్ యజమానులకు కూడా ఒక మాట. తక్కువ ధరకు వచ్చిందని ఇంటికోసం చేసిన రౌటర్‌ను హాలు మధ్య అటక మీద పెట్టి, ఇరవై చేతి యంత్రాలు, నూరు ఫోన్లు దాని మీద వేసి, తేడా వస్తే వెయిటర్‌ను కోప్పడవద్దు. నెట్ పోయినప్పుడు వాడడానికి కార్బన్ పుస్తకాలు రెండు కౌంటర్ కింద ఉంచండి. అవి ఎలా వాడాలో కొత్తగా చేరిన పిల్లలకు ఒక పూట నేర్పండి. మా దగ్గర ఆ శనివారం తర్వాత కొనిపెట్టాం, ఇప్పటికి మూడుసార్లు బయటికి తీశాం.

ఈ లేఖ ప్రతిని మేము వాడుతున్న వ్యవస్థ తాలూకు సంస్థకు విడిగా పంపాను. ముప్పై రోజుల్లో పై ఎనిమిది కోరికల్లో వేటిని చేస్తారో, వేటిని చేయరో, ఎందుకు చేయరో అంశాలవారీగా రాతపూర్వకంగా జవాబివ్వమని కోరాను. మిగతా సంస్థలు కూడా అలాగే జవాబిస్తే, వాటిని తోటి కెప్టెన్లందరికీ అందజేస్తాను. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్న జవాబు మాత్రం దయచేసి మళ్లీ పంపవద్దు. అది మేము ఇప్పటికే చేసి చూశాం.

ఇట్లు,
టేబుళ్ల మధ్య పద్దెనిమిదేళ్లుగా ఆర్డర్లు తీసుకుంటున్న ఒక కెప్టెన్